నిమ్మలకుంటలో బొమ్మకు ధర ఉంది... ఆటకు?

ధర్మవరం అనగానే ఎవరికైనా పట్టుచీరలే గుర్తొస్తాయి. రైలు దిగి బజార్లోకి అడుగుపెడితే చాలు, ‘రండక్కా, చూసి పోండి, కొనకపోయినా పర్లేదు’ అని రెండువైపుల నుంచీ పిలుపులు. వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమంది చీరల సంచులతో మళ్ళీ రైలెక్కేస్తారు. ఆ ఊరి నుంచి ఆటోలో అరగంట దూరంలో నిమ్మలకుంట అనే చిన్న పల్లె ఉందనీ, అక్కడ ఇళ్ళల్లో రాముడూ రావణుడూ మేకతోలు మీద పుడుతూ ఉంటారనీ చాలామందికి తెలీదు. మా ఇంట్లో కూడా ఎవరికీ తెలీదు. ‘తోలుబొమ్మలా? అవి ఇంకా ఉన్నాయా?’ అంది మా వదిన, చీర అంచు వేళ్ళతో నలిపి చూస్తూ.

అన్నయ్య కూతురి పెళ్ళి చీరల కోసం వచ్చిన పని అది. ఆడపెళ్ళివారు పదిమంది కలిసి చీరలు ఎంచుకోవడం అంటే ఒక పూటతో తేలే వ్యవహారం కాదు కదా! నాకు ఇచ్చిన చీర నాకు నచ్చిందని చెప్పేసి, సాయంత్రానికి వచ్చేస్తానని ఆటో ఎక్కాను.

దారంతా ఎర్రనేల. వేరుశనగ చేలు, మధ్యమధ్య తుమ్మచెట్లు, దూరంగా బోడిగుట్టలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. దేశంలో అతి తక్కువ వాన కురిసే ప్రాంతాల గురించి మాట్లాడితే రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత పేరు ఇక్కడిదే చెబుతారు. మొన్నమొన్నటిదాకా ఇదంతా అనంతపురం జిల్లా. 2022లో జిల్లాల్ని విడగొట్టినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ‘జిల్లా మారిందిగానీ వాన మారలేదక్కా’ అన్నాడు ఆటో అబ్బాయి. ఈ వాన మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, తోలుబొమ్మలకూ దానికీ లంకె ఉంది.

ఊళ్ళోకి వెళ్ళగానే కనిపించేది బొమ్మ కాదు, వినిపించేది చప్పుడు. టిక్, టిక్, టిక్... ఒక ఇంటి అరుగు మీద ఆగుతుంది, పక్కింట్లో మొదలవుతుంది. ఉలి మీద చిన్న సుత్తి పడుతున్న చప్పుడు అది. ఆ తర్వాత వాసన. పచ్చితోలు వాసన మొదట కాస్త ఇబ్బంది పెడుతుంది, పావుగంటకు అలవాటైపోతుంది. ఒక గోడ పక్కన మేకతోలు మేకులు కొట్టి సాగదీసి ఎండబెట్టి ఉంది. దాని వెనక నించున్న పిల్లవాడి నీడ తోలు ఇవతలికి కనిపిస్తోంది. అక్కడే అర్థమైపోయింది నాకు, ఈ కళ అంతా ఎక్కడుందో. వెలుతురును ఆపని తోలు తయారుచేయడంలో ఉంది సగం విద్య.

తోలు మీద వెలుతురు

నేను వెళ్ళిన ఇంట్లో పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి. అరుగు మీద చాప వేసి, ‘కూర్చోమ్మా, శానా దూరం నుంచి వచ్చినట్లుండావు’ అన్నారు. లోపల్నుంచి కోడలు మంచినీళ్ళు తెచ్చింది. ఆయన కొడుకు ఒక చెక్కమొద్దు మీద తోలు పరిచి నెమలి ఈకలు చెక్కుతున్నాడు. తలెత్తి నవ్వాడు గానీ ఉలి ఆపలేదు.

చెప్పులకు, సంచులకు వాడే తోలును పదును చేస్తారు. బొమ్మల తోలుకు ఆ పని చేయరు. మేకతోలును నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, లోపలివైపు పొర కూడా శుభ్రంగా తీసేసి, సాగదీసి ఎండబెడతారు. ఎండాక అది కాగితానికీ గాజుకూ మధ్య ఏదోలా తయారవుతుంది. గీకడంలోనే ఉంది మర్మం అన్నారు పెద్దాయన. ఎక్కువ గీకితే చిరుగుతుంది, తక్కువ గీకితే వెలుతురు రాదు.

దాని మీద బొమ్మ గీస్తారు. ఆపైన ఉలులతో రంధ్రాలు. నగలు, కిరీటాలు, చీర అంచులు... రంగుతో కాదు, రంధ్రాలతో వేస్తారు. తెర మీద ఆ రంధ్రాల్లోంచి తెల్లటి వెలుతురు వస్తుంది కాబట్టి సీతమ్మ మెడలో ముత్యాలు నిజంగానే మెరుస్తాయి. గుండ్రటి రంధ్రానికి ఒక ఉలి, కన్ను ఆకారానికి ఒకటి, అర్ధచంద్రానికి మరొకటి. ఆయన కొడుకు ముందు అలాంటివి ఒక డబ్బా నిండా ఉన్నాయి. తర్వాత రెండువైపులా రంగులద్దుతారు. పూర్వం చెట్ల నుంచీ ఆకుల నుంచీ తీసిన రంగులు. ఇప్పుడు చాలావరకు సీసాల్లో కొన్నవే. ఆ మాట దాచలేదు వాళ్ళు.

తల, భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్ళు విడివిడిగా చేసి దారంతో ముడేస్తారు. మధ్యలో నిలువునా వెదురు దబ్బ. చేతులకు వేరే పుల్లలు. దేశంలో నీడబొమ్మలాడే రాష్ట్రాలు ఇంకా ఉన్నాయి. కేరళలో తోల్పావకూత్తు, ఒడిశాలో రావణఛాయ, కర్ణాటకలో తొగలు గొంబెయాట. ఒడిశా బొమ్మలు చిన్నవి, కీళ్ళుండవు, నల్లటి నీడ మాత్రమే పడుతుంది. మన బొమ్మలు వాటి పక్కన పెడితే భారీ మనుషులు! నాలుగడుగుల నుంచి ఆరడుగుల దాకా ఉంటాయి. అంత పెద్ద బొమ్మకు ఒక్క మేకతోలు ఏం చాలుతుంది? పది తలల రావణుడికైతే మరీనూ.

‘పాతకాలంలో దేవుళ్ళ బొమ్మలకు జింకతోలు వాడేవాళ్ళమ్మా. ఇప్పుడు ముట్టుకుంటే జైలే’ అన్నారు నవ్వుతూ. నిజమే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ మాటే లేదు. ఇప్పుడు దేవుడికైనా రాక్షసుడికైనా మేకతోలే.

ఇంట్లో మరాఠీ, తెర మీద తెలుగు

మేం మాట్లాడుతుండగా కోడలు మామగారిని ఏదో అడిగింది. తెలుగు కాదు. కన్నడమూ కాదు. ‘మరాఠీనా?’ అంటే తలూపింది. ఈ కుటుంబాలవాళ్ళు ఇంట్లో మాట్లాడేది మరాఠీకి చెందిన ఒక యాస. శతాబ్దాల కిందట మరాఠాల వెంట దక్షిణానికి వచ్చినవాళ్ళమని చెప్పుకుంటారు. ఇంటిపేర్లలోనూ ఆ జాడ ఉంది, శిందే అని ఒకటి. కానీ ఆట మొత్తం తెలుగులోనే. రంగనాథ రామాయణం ద్విపదలు వాళ్ళ తాతలు నోటికి పట్టించినవి. పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు.

అలాగని తోలుబొమ్మలాట మరాఠాలతోనే మనకు వచ్చిందనుకోకండి. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో బొమ్మలాట ప్రస్తావన ఉంది. అంటే అంతకుముందే తెలుగు నేల మీద ఈ వినోదం ఉన్నట్టే కదా. ఇక లేపాక్షి ఎటూ ఇదే జిల్లాలో ఉంది. విజయనగర కాలంలో, పదహారో శతాబ్దంలో వేసిన అక్కడి పైకప్పు బొమ్మలను ఒకసారి తల పైకెత్తి చూసి, ఆ తర్వాత నిమ్మలకుంట బొమ్మలను చూడండి. పక్కకు తిరిగిన ముఖం, ముఖానికి మించినంత పెద్ద కన్ను, చీరల మీద గళ్ళూ పూలూ. రెంటికీ చుట్టరికం ఉందని పండితులు రాశారు. పండితులు రాయకపోయినా మన కళ్ళకే తెలిసిపోతుంది.

గంపలోంచి పాత బొమ్మ ఒకటి తీసి చూపించారు పెద్దాయన. హనుమంతుడు. వాళ్ళ నాయన చేసినదట. రంగు తేనెలా ముదిరిపోయింది. తోక దగ్గర చిరిగితే దారంతో కుట్టిన కుట్లు కనిపిస్తున్నాయి, పాత చొక్కాకు వేసినట్టు. రాత్రంతా లంక కాల్చిన తోక మరి, చిరగదా!

‘దీన్ని ఎవరైనా కొంటామని వచ్చారా?’ అన్నాను.

‘రాకేమి! విదేశాలవాళ్ళు కూడా వచ్చినారు. పాతదైతే ఎక్కువిస్తామంటారు. కొన్ని ఇచ్చేసినాను, కూతురి పెండ్లప్పుడు. దీన్ని మాత్రం ఇయ్యలే.’

ఎందుకివ్వలేదని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. హనుమంతుణ్ణి మడవకుండా చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు.

లాంప్ షేడ్ పెట్టిన అన్నం

ఊళ్ళో ఎన్ని అరుగులు తిరిగినా నాకు ఎక్కువగా కనిపించినవి బొమ్మలు కాదు. లాంప్ షేడ్‌లు. గుండ్రటివి, ఆరుమూలలవి, కుండ ఆకారంలోవి. వాటి మీద నెమళ్ళు, లతలు, చెట్టు మీద పక్షులు, వినాయకుడు. గోడకు తగిలించే పటాలు, తలుపులకు కట్టే తోరణాలు కూడా ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరు ఎగ్జిబిషన్లకు, లేపాక్షి షోరూములకు వెళ్ళేవి ఇవే. చిన్నవి వందల్లో, పెద్దవి వేలల్లో పలుకుతాయి.

నగరాల నుంచి వచ్చేవాళ్ళు కొందరు ఈ లాంప్ షేడ్‌లను చూసి పెదవి విరుస్తారు. ‘అయ్యో, కళ వ్యాపారమైపోయింది’ అని. నాకు మాత్రం ఆ మాట అనబుద్ధి కాలేదు. సినిమా వచ్చింది, టెంటు హాళ్ళొచ్చాయి, ఆ తర్వాత టీవీ వచ్చింది. రాత్రంతా మేలుకుని రామాయణం చూసే జనం తగ్గిపోయారు. చాలాచోట్ల తోలుబొమ్మలాటవాళ్ళు గంపలు అటకెక్కించి కూలిపనులకు వెళ్ళిపోయారు. నిమ్మలకుంటలో ఉలి చప్పుడు ఇవ్వాళ్టికీ వినిపిస్తోందంటే ఈ లాంప్ షేడ్‌లే కారణం. పిల్లల ఫీజులు కట్టింది అవే, మిద్దె వేసింది అవే. ఇంట్లో ఆడవాళ్ళు కూడా పనిచేస్తారు. రంగులద్దే పనిలో కోడలి చేయి భర్త చేతికన్నా నిదానం, నేను చూశాను.

పేరు కూడా వచ్చింది. ఈ ఊరికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. 2020లో ఈ ఊరి దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు 2008లోనే ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇవన్నీ చిన్న విషయాలు కావు. ఒక మారుమూల పల్లె పేరు ఢిల్లీలో చదివారంటే ఆ ఊరివాళ్ళు ఎంత పొంగిపోయి ఉంటారో!

అయితే నాకు ఒక్క సంగతి దగ్గర మనసు ఆగింది. కొడుకును ‘ఈ నెమలి షేడు ఎంత?’ అని అడిగాను. తడుముకోకుండా చెప్పాడు. ‘ఆ వినాయకుడు?’ అదీ చెప్పాడు. పెద్దాయన వైపు తిరిగి, ‘ఆటకు ఎంత తీసుకుంటారు?’ అన్నాను. ఆయన కొడుకు వంక చూశారు. కొడుకు నా వంక చూశాడు.

‘ఎన్ని నిమిషాలు?’ అన్నాడు కొడుకు.

పెద్దాయన నవ్వారు. ‘అదమ్మా ఇప్పుడు లెక్క. సభల్లో ఇరవై నిమిషాలిస్తారు, అరగంటిస్తారు. అరగంటలో రాముడు అడవికి పోవల్ల, సీతమ్మను ఎత్తకపోవల్ల, రావణుడు సావల్ల. మా కాలంలో ఒక్క సీతాపహరణమే తెల్లారేదాకా ఆడతాంటిమి. ఊరోళ్ళు జొన్నలిస్తాంటిరి, కొర్రలిస్తాంటిరి, పాత పంచెలు, చీరలు ఇస్తాంటిరి. ఇంత అని ఎవరు అడిగినారు? మేము చెప్పిందీ లేదు.’

బొమ్మకు ధర ఉంది. ఆటకు లేదు. ఎగ్జిబిషన్లో బల్ల మీద పెట్టి అమ్మడానికి ఆట వీలుపడదు. దానికి చీకటి కావాలి, తెర కావాలి, హార్మోనియం, మృదంగం, తాళాలు కావాలి, కనీసం ఏడెనిమిది మంది మనుషులు కావాలి. అన్నిటికన్నా ముందు పద్యమూ పాటా మాటా నోటికి వచ్చిన గొంతులు కావాలి. ఉలి పట్టడం పదేళ్ళ పిల్లాడైనా అరుగు మీద కూర్చుని చూసి నేర్చుకుంటాడు, నేర్చుకుంటే రేపు సంపాదిస్తాడు. పదివేల పాదాలు నోటికి పట్టి ఏం చేసుకుంటాడు?

ఇక్కడ జావా సంగతి చెప్పాలి. అక్కడ వాయాంగ్ అనే నీడబొమ్మలాట ఉంది. అందులోనూ రామాయణమే, భారతమే. 2008లోనే అది యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. వాళ్ళు గుర్తించింది ఆటను. తెర వెనక కూర్చుని రాత్రంతా ఒక్కడే అన్ని గొంతులూ పలికే మనిషిని అక్కడ దలాంగ్ అంటారు, గురువులా చూస్తారు. అదే ఏడాది మనకు దక్కిన భౌగోళిక గుర్తింపు సరుకులకు ఇచ్చేది. అంటే బొమ్మకు. తప్పని నేననను, అది కూడా కావాలి. కానీ నకిలీ బొమ్మ అమ్మితే ఆపడానికి చట్టం ఉంది, పాట మరిచిపోతే ఆపడానికి ఏ చట్టముంటుంది?

విరాటపర్వం ఆడితే వాన

ఇందాక గుర్తుపెట్టుకోమన్న వాన సంగతి ఇదే. మన పల్లెల్లో వానలు లేకపోతే విరాటపర్వం చదివించడం, ఆడించడం అలవాటు. పాండవులు అజ్ఞాతవాసం ముగించుకున్న కథ ఆడితే మబ్బులు కూడా అజ్ఞాతవాసం వదిలి వస్తాయనుకున్నారో ఏమో! కరువు సీమలో ఇక చెప్పాలా? ఆషాఢంలో చినుకు పడకపోతే ఊరి పెద్దలు బండి కట్టుకుని వచ్చి తోలుబొమ్మలాటవాళ్ళను పిలుచుకుపోయేవాళ్ళట.

‘మరి వాన వచ్చేదా?’ అన్నాను.

‘వస్తే మంచిది. రాకపోతే ఇంగో రాత్రి ఆడమంటాంటిరి’ అన్నారు పెద్దాయన. ‘ఒక ఊర్లో ఐదు రాత్రులు ఆడినాము. ఐదో రాత్రి కీచకుని వధ అయితాంది, తెర ఎగిరిపాయ. గాలీ వానా! బొమ్మలు తడవకుండా మా ఆడోళ్ళు చీరకొంగుల్లో చుట్టుకోని పరిగెత్తినారు. ఊరోళ్ళు మాత్రం కదల్లే. తడుస్తానే నిలబడినారు, ఆట ఆపొద్దండి అంటా.’

ఆయన చెబుతుంటే లోపల కోడలు ఏదో సన్నగా పాడుతోంది. చేతిలో కుంచె, ముందు సగం రంగు పూసిన లాంప్ షేడ్. ఏం పాటని అడిగితే సిగ్గుపడింది. మామగారే చెప్పారు. మండోదరి రావణుడికి బుద్ధి చెప్పే పాట అట. ఆ అమ్మాయి పుట్టిల్లూ బొమ్మలాటవాళ్ళదే. తోలుబొమ్మలాటలో ఆడపాత్రలకు ఆడవాళ్ళే గొంతునిస్తారు. మన రంగస్థలం మీద మగవాళ్ళు చీరలు కట్టుకుని ఆడవేషాలు వేస్తున్న రోజుల్లోనే, ఇక్కడ తెర వెనక భార్యాభర్తలు పక్కపక్కన నిలబడి సీతారాములుగా పాడేవాళ్ళు. ఈ సంగతి మనం ఎందుకో ఎక్కువగా చెప్పుకోం.

‘మా అత్త పాడితే ఊరు ఏడుస్తాండె’ అంది కోడలు. అత్తగారు ఇప్పుడు లేరు. ఆవిడకు వచ్చిన పాటల్లో తనకు ఎన్ని వచ్చో వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఒక చెయ్యి చాలింది.

కేతిగాడు నన్ను పట్టుకున్నాడు

పొద్దు గుంకాక చిన్న ఆట చూపిస్తామన్నారు. వద్దనలేదు సరే, ఆశగా కూర్చున్నాను. మా వదినకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. ఆవిడకీ చీరలు ఇంకా తెమలలేదు, సరిపోయింది.

వాకిట్లో రెండు గుంజల మధ్య తెల్లచీర బిగించి కట్టారు. పూర్వం తెరకు బొమ్మల్ని ముళ్ళతో గుచ్చి నిలబెట్టేవాళ్ళు, ఇప్పటికీ అదే పద్ధతి. ఆముదం దీపాల స్థానంలో మాత్రం కరెంటు బల్బు. ‘దీపమైతే మంట కదులుతాది. బొమ్మ ఊపిరి పీలుస్తున్నట్లు ఉంటాది. బల్బుకు అది లేదు’ అన్నారు పెద్దాయన. మృదంగం వాయించే మనిషి ఊళ్ళో లేడు. కొడుకు తాళాలు పట్టాడు. కాళ్ళ కింద ఒక చెక్కపలక వేసుకున్నారు పెద్దాయన, యుద్ధం వచ్చినప్పుడు తొక్కితే టకటకమని గుర్రాలు పరిగెత్తినట్టు చప్పుడొస్తుంది. పక్కన ఖాళీ కిరసనాయిలు డబ్బా కూడా. పిడుగులు పడాల్సి వస్తే దాన్ని బాదుతారు.

ముందు వినాయకుడు, తర్వాత సరస్వతి. ఆ తర్వాత అసలు కథ రాబోతోందనగా తెర మీదకి దూకాడు కేతిగాడు. వెనకాలే బంగారక్క. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు వీళ్ళను పరిచయం చెయ్యక్కర్లేదు. రామాయణానికీ వీళ్ళకూ ఏ సంబంధమూ లేదు, కానీ వీళ్ళు లేకుండా రామాయణం సాగదు. జుట్టుపోలిగాడు, గాంధోళిగాడు కూడా ఈ బాపతే. మాటలు పచ్చిగా ఉంటాయి. అర్ధరాత్రి దాటి పిల్లలు నిద్రపోయాక ఇంకా పచ్చిగా ఉండేవట. ఆ పూట నేనున్నానని ఆయన కాస్త కళ్ళెం వేశారని నా అనుమానం.

‘ఏమే బంగారీ, ధర్మవరం పోయినావంట?’ అన్నాడు కేతిగాడు.

‘పోయినా. చీర చూసినా.’

‘కొన్నావా?’

‘చూసినా అంటిని గదా!’

‘పొద్దున పోయి పొద్దు గుంకేదాకా చూసి, ఒకటీ కొనకుండా వచ్చి మన ఇంటి అరుగు మీద కూర్చున్యారే ఒకాయమ్మ, ఆయమ్మకు చుట్టమేమో నువ్వు?’

పిల్లలంతా వెనక్కి తిరిగి నన్ను చూసి ఒకటే నవ్వు. ఎప్పుడు చేరారో, పాతికమంది పైనే ఉన్నారు. రెండు గొంతులూ పెద్దాయనవే. ఒకటి బొంగురు, ఒకటి కీచు. ఆ పూట పుట్టిన మాటలవి, ఏ పుస్తకంలోనూ లేవు. తోలు చెక్కడం ఎంత వచ్చినా ఈ సమయస్ఫూర్తి రాదు. రాత్రుల తరబడి తెర వెనక నిలబడితే వస్తుందేమో.

తర్వాత హనుమంతుడు వచ్చాడు. కుట్లుపడిన తోకతో ఆ పాత బొమ్మే. చాప మీద చూసినప్పుడు ముదురుతేనె రంగులో మసకగా కనిపించినది తెర మీద వెలిగిపోయింది. తెరకు దగ్గరగా ఆనించితే రంగులు స్పష్టంగా, వెనక్కి లాగితే పెద్దవై చెదిరిపోతూ... సముద్రం దాటుతున్న కోతి చూస్తుండగానే పెరిగిపోయాడు. ఆయన వంగి, లేచి, పలక తొక్కుతూ పాడుతున్నారు. సీతమ్మ కనిపించే ఘట్టం వచ్చేసరికి గొంతు ఆపి పక్కకు చూశారు. ఒక్క క్షణం నిశ్శబ్దం. కోడలు లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర వెనక నిలబడింది. నాలుగు పాదాలు పాడింది. గొంతు మొదట వణికింది, మూడో పాదానికి నిలబడింది.

నా పక్కన కూర్చున్న పిల్ల, ఎనిమిదేళ్ళుంటాయేమో, పెదాలు కదుపుతోంది. పాట తెలుసా అన్నాను. ‘మాయమ్మ రంగులేసేటప్పుడు పాడతాది’ అంది.

మొత్తం ముప్పావుగంట ఆట. కొడుకు గడియారం చూసుకోలేదు.

నేను ఒక చిన్న లాంప్ షేడ్, అడుగున్నర హనుమంతుణ్ణి కొన్నాను. ఆట కోసం ఇచ్చిన డబ్బు పెద్దాయన లెక్కపెట్టకుండా వినాయకుడి బొమ్మ ముందు పెట్టారు.

మీరెవరైనా వెళ్ళాలనుకుంటే దారి కష్టమేమీ కాదు. ధర్మవరం దాకా రైలుంది, అక్కణ్ణుంచి ఆటోలు దొరుకుతాయి. పుట్టపర్తి వెళ్ళేవాళ్ళూ, హిందూపురం మీదుగా లేపాక్షి చూసేవాళ్ళూ ఒక పూట ఇటు కలుపుకోవచ్చు. నా మాట విని లేపాక్షి ముందు చూడండి, ఆ కళ్ళతో ఈ ఊరికి రండి. కొనేటప్పుడు బొమ్మను వెలుతురుకు ఎత్తి చూడండి. అసలు తోలైతే లోపల సన్నటి గీతలు, మచ్చలు కనిపిస్తాయి, ఏ రెండు చోట్లా ఒకేలా ఉండదు. ఇంటికి తెచ్చాక తడి తగలనివ్వకండి. పొడిగుడ్డతో తుడవాలి. లాంప్ షేడ్‌లో వేడెక్కే పాత బల్బు కాకుండా ఎల్‌ఈడీ వేసుకుంటే తోలు ముడుచుకోదు.

బొమ్మలు ఏ రోజు వెళ్ళినా దొరుకుతాయి. ఆట చూడాలంటే మాత్రం రెండ్రోజుల ముందే కబురు చెయ్యండి. మృదంగం వాయించే ఆయన బెంగళూరులో భవనాల పనిలో ఉన్నాడు. ఆదివారాలైతే వస్తాడట.